కుంటలో చేపల పెంపకము: నగరపు నాలా నేర్పు పాఠము

గ్రామమునకు చెరువు తల్లి వంటిది. పొలమునకు పారుదల, పశువులకు త్రాగునీరు, బావులకు ఊట దాని వలననే లభించుచున్నవి. వీనితో పాటు చెరువు మరియొక పంటను కూడ ఈయగలదు. అది చేపల పంట. దీనికి నాగలి అక్కరలేదు, కలుపుతీత అక్కరలేదు. చదరముగ నాలుగెకరముల కుంట యున్నను చాలును. పది కుటుంబములకు పని, గ్రామమునకు మంచి ఆహారము, పంచాయతీకి కొంత ఆదాయము సమకూరును.

అయినను అనేక గ్రామములలో చేపపిల్లలను వదలిన నాటి ఉత్సాహము వలలు వేసిన నాడు కానరాదు. కారణమేమని విచారించినచో పిల్లలు మంచివి కావనియు, రాత్రివేళ దొంగలు పట్టుకొనిపోయిరనియు జవాబు వచ్చును. కొన్ని యెడల అది నిజమే కావచ్చును. కాని పెక్కు చోట్ల అసలు కారణము నీటిలోనే యున్నది. ఆ నీటిలో ఏది కలియవలెనో, ఏది కలియరాదో నిర్ణయించువారు పంచాయతీ సభ్యులే. కనుక చేపల పెంపకము చేపపిల్లలతో గాక, పంచాయతీ తీర్మానముతో మొదలగునని చెప్పుటయే ఈ పాఠము ఉద్దేశము.

నగరమునకు వచ్చినప్పుడు చూడదగినది

గ్రామములనుండి హైదరాబాదునకు వచ్చువారికి చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ క్రొత్త ప్రదేశములు కావు. మన గ్రామముల యువకులు పోటీ పరీక్షలకు అశోక్ నగర్ గదులలో ఉండి చదువుకొనుచున్నారు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున ప్రొద్దుటినుండి రాత్రి వరకు కూర్చుండుచున్నారు. వారిని చూడవచ్చిన తలిదండ్రులలో పంచాయతీ సభ్యులును ఉందురు. అట్టివారు ఒక గడియ తీరిక చేసికొని ఆ ప్రాంతమున పారుచున్న నాలా వంతెనపై నిలిచి క్రిందికి చూడవలెను.

ఈ నాలా మురుగు కాలువగా పుట్టినది కాదు. 1562 ప్రాంతమున ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్ సాగరమును నిర్మించిరి. ఆ చెరువు నిండినప్పుడు మత్తడి దాటిన నీరు పోవు మార్గమే ఈ నాలా. దోమలగూడ, అశోక్ నగర్, నారాయణగూడ, నల్లకుంటల ప్రక్కలగా సాగి ఇది మూసీ నదిలో కలియును. మన గ్రామపు చెరువునకు మత్తడి వాగు ఎట్టిదో, హుస్సేన్ సాగరమునకు ఇది అట్టిదే. ఈ ప్రదేశముల పేర్లను గమనింపుడు: చిక్కడపల్లి, నారాయణగూడ, దోమలగూడ, నల్లకుంట. పల్లి, గూడ, కుంట అనునవి పల్లెటూరి మాటలు. ఊరు నగరములో కలిసిపోయినను పేరు మాత్రము పాత సంగతి చెప్పుచున్నది. నల్లకుంట అను పేటలో నేడు ఇండ్లు, దుకాణములు ఉన్నవి. పేరులోని కుంట పేరులోనే మిగిలినది.

హుస్సేన్ సాగరము ఒకప్పుడు నగరమునకు త్రాగునీటిని ఇచ్చినది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తియైన పిమ్మట త్రాగునీటికై దీనిపై ఆధారపడు అవసరము తగ్గెను. తరువాత నగరము పెరిగెను. కూకట్‌పల్లి, బల్కాపూర్, బంజారా, పికెట్ నాలాలు చెరువులోనికి వాననీటితో పాటు మురుగును, కూకట్‌పల్లి నాలా కర్మాగారముల వ్యర్థ జలమును గూడ తెచ్చినవి. పెక్కు మార్లు చేపలు గుంపులుగా చచ్చి ఒడ్డునకు కొట్టుకొనివచ్చినవి. చెరువు శుద్ధికై 2006లో జపాన్ దేశపు ఋణ సహాయముతో పెద్ద పథకమునే చేపట్టవలసి వచ్చెను. మురుగును ముందే ప్రక్కకు మళ్ళించియున్నచో ఇంత వ్యయము అవసరమయ్యెడిది కాదు.

నీటి దారి ఇరుకైనచో కలుగు కష్టము మరియొకటి కలదు. 2000 ఆగస్టు 24న నగరమున ఒక్క దినములో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడును, 2020 అక్టోబరులో కుండపోతగా వానలు కురిసినప్పుడును ఈ నాలా ప్రక్కనున్న పల్లపు బస్తీలలోనికి నీరు చేరెను. చెరువు హద్దును, మత్తడి దారిని మనుష్యుడు ఆక్రమించినను నీరు తన దారిని మరువదు.

పోయిన కుంటను మరల తెచ్చుకొనుటయు సాధ్యమే. అంబర్‌పేటలోని బతుకమ్మకుంటను పూడిక, చెత్త తొలగించి 2025లో పునరుద్ధరించిరి. కాని అందుకు పట్టిన కాలమును, పడిన శ్రమను తలచినచో, ఉన్న కుంటను కాపాడుకొనుటయే చౌక అని తెలియగలదు. నగరము ఆలస్యముగా నేర్చుకొన్న ఈ సంగతిని గ్రామము ముందుగానే నేర్చుకొనవచ్చును.

నీటిలో జరుగునదేమి?

చేప కూడ మనవలెనే ప్రాణవాయువును పీల్చును. అయితే అది నీటిలో కరిగియున్న ప్రాణవాయువును మొప్పల ద్వారా గ్రహించును. పగటివేళ నీటిలోని ఆకుపచ్చని సూక్ష్మ వృక్షములు ఎండ సహాయమున ప్రాణవాయువును పుట్టించును. రాత్రి ఎండ లేదు కనుక అవియు దానిని వాడుకొనును. అందుచేత తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. మబ్బు పట్టిన దినముల మరునాడు అది ఇంకను తక్కువ.

కుంటలోనికి ఊరి మురుగు వచ్చిపడినచో ఏమగును? మురుగులోని వ్యర్థములను కుళ్ళజేయు సూక్ష్మజీవులు కోట్ల సంఖ్యలో పెరిగి, తమకు కావలసిన ప్రాణవాయువును నీటినుండియే లాగుకొనును. పైగా మురుగులోని బలమునకు నాచు, గుర్రపుడెక్క విపరీతముగా పెరిగి నీటిపై చాప పరచినట్లు కప్పివేయును. ఎండ లోనికి పోదు. ఒకనాటి తెల్లవారుజామున చేపలన్నియు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరచి గ్రుక్కలు వేయును. ప్రొద్దు పొడుచు నాటికి తెల్లగా తేలును. ఎవరో విషము కలిపిరని ఊరిలో అనుకొందురు. విషమును ఎవరును ఒక్క రాత్రిలో కలుపలేదు; మనమే ఏడాది పొడుగున కొంచెము కొంచెముగా కలిపితిమి.

మురుగునీటిలో చేపలు పెరుగవా యని కొందరు అడుగుదురు. ప్రశ్న సమంజసమైనదే. కలకత్తా నగరమునకు తూర్పున నున్న చిత్తడి నేలలలో నగరపు మురుగునీటితో మత్స్యకారులు చిరకాలముగా చేపలను పెంచుచున్నారు. 2002లో ఆ ప్రదేశమునకు రామ్‌సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ గుర్తింపు లభించెను. అయితే అచ్చటి మత్స్యకారులు మురుగును నేరుగా వదలి ఊరకుండరు. లోతు తక్కువ మడుగులలో ఎండకు నిలువబెట్టి, కొలత ప్రకారము విడిచి, నీటి రంగును చూచి తూములు మూయుదురు. అది తరతరముల అనుభవముతో వచ్చిన విద్య. అడ్డు అదుపు లేక వచ్చిపడు మురుగునకును దానికిని పోలిక లేదు. కర్మాగారపు వ్యర్థ జలమైనచో ఏ విద్యయు పనికిరాదు. అందులోని సీసము, పాదరసము వంటి లోహములు చేప మాంసములో చేరును. వండినంత మాత్రమున అవి పోవు.

పిల్లలను వదలుటకు ముందు

మొదట కుంట చుట్టును ఒకసారి నడచి చూడవలెను. లోనికి వచ్చు కాలువలెన్ని? వానిలో వాననీరు తెచ్చునవెన్ని, ఇండ్ల వాడుక నీరు తెచ్చునవెన్ని? సిమెంటు రోడ్లు వేయునప్పుడు ప్రక్క కాలువను ఎక్కడ ముగింపవలెనో తోచక, పల్లము అటువైపే యున్నదని కుంటలోనికి విడుచుట పెక్కు గ్రామములలో జరుగుచున్న పొరపాటు. దీనిని మాన్పుటకు మార్గములు కలవు. ప్రతి ఇంటి వాడుక నీటికి ఇంకుడు గుంత ఏర్పరుపవచ్చును. ఇండ్లు ఒత్తుగా నున్న వీధులకు ఉమ్మడి ఇంకుడు గుంతలు త్రవ్వవచ్చును. మిగిలిన నీటిని కుంట దిగువకు మళ్ళించి తోటలకు వాడుకొనవచ్చును.

పంటలపై మందులు చల్లిన పంపులను, మందు డబ్బాలను కుంటలో కడుగుట పూర్తిగా నిషేధింపవలెను. కొన్ని కీటక సంహారకములు కంటికి కానరానంత స్వల్పముగా కలిసినను చేపలను చంపగలవు. నీటిపై సందేహము కలిగినచో పరీక్ష చేయించుట మేలు. నీటి పరీక్షలు చేయు ప్రభుత్వ సంస్థ యగు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ నారాయణగూడలోనే కలదు. నీటిని ఎట్టి సీసాలో, ఎంత పట్టి తేవలెనో ముందుగా విచారించి తెచ్చుట మంచిది.

కుంట ఎండిన వేసవిలో అడుగును దున్ని ఎండబెట్టవలెను. పూడికమట్టిని పొలములకు తోలుకొనవలెను. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ పనులలో పూడికమట్టి పొలములకు చేరిన సంగతి పలువురికి అనుభవమే. పిమ్మట ఎకరమునకు సుమారు 80 కిలోల సున్నము చల్లవలెను. తూమునకు, మత్తడికి సన్నని జాలి కట్టవలెను. జాలి లేని మత్తడి వలన మొదటి పెద్ద వానకే చేపపిల్లలు దిగువ వాగు పాలగును. ఎండని కుంటయైనచో కొరమేను, వాలుగ వంటి వేటచేపలను వలలతో తీసివేయవలెను. కొరమేను 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటింపబడినది. రుచిలోను ధరలోను దానికి సాటి లేదు. కాని పిల్లచేపల నడుమ దానిని ఉంచుట గొఱ్ఱెల మందలో తోడేలును ఉంచుటయే.

ఏవి, ఎన్ని, ఎప్పుడు?

మన కుంటలకు అనువైనవి ముఖ్యముగా మూడు జాతులు: బొచ్చె, రవ్వ, మోసు. వీనిని కట్ల, రోహు, మ్రిగాల అనియు అందురు. బొచ్చె నీటి పైపొరలో సూక్ష్మ జీవులను తినును. రవ్వ నడిమి పొరలో మేయును. మోసు అడుగున కుళ్ళిన ఆకు అలములను తినును. ఒక ఇంట మూడు అంతస్తులలో మూడు కుటుంబములు తగవు లేక కాపురమున్నట్లు ఈ మూడును ఒకే నీటిలో పెరుగును. కలుపు గడ్డి మిక్కుటముగా నున్నచో కొన్ని గడ్డి చేపలను గూడ చేర్పవచ్చును. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అను జాతిని మాత్రము ఎవరు తెచ్చి ఇచ్చినను వదలరాదు. అది దొరికిన దానినెల్ల మ్రింగి మన దేశపు జాతులను నాశనము చేయును. దాని పెంపకమును ప్రభుత్వము నిషేధించినది.

బొచ్చె, రవ్వ, మోసు నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టవు. వానకాలమున నదుల వరద నీటిలో మాత్రమే పెట్టును. పూర్వము మత్స్యకారులు నదులలో పిల్లలను ఏరి తెచ్చెడివారు. వానిలో పనికిరాని జాతులును కలిసి వచ్చెడివి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్ వద్ద శాస్త్రజ్ఞుడు హీరాలాల్ చౌధురి చేపకు పీయూష గ్రంథి రసమును సూదిమందుగా ఎక్కించి, పెంపక స్థలముననే గ్రుడ్లు పెట్టింపగలిగెను. నేడు కేంద్రములలో పిల్లలు కోట్ల సంఖ్యలో లభించుట ఆ పరిశోధన ఫలమే. అందువలననే ఏటేట జూలై 10వ తేదీని జాతీయ చేపల రైతుల దినముగా జరుపుచున్నారు.

ఎరువు, మేత వేసి శ్రద్ధగా పెంచు కుంటకు ఎకరమునకు 2000 పిల్లలకు మించరాదు. వానిలో బొచ్చె 800, రవ్వ 600, మోసు 600 ఉండవచ్చును. మేత వేయని కుంటయైనచో ఇందులో సగమునకు మించకుండుట మేలు. పిల్లలు మూడు, నాలుగు అంగుళముల పొడవున్నచో ఎక్కువ బ్రతుకును. మిక్కిలి చిన్న పిల్లలు చౌకగా వచ్చినను వానిలో పెక్కింటిని కప్పలు, పాములు, కొంగలు తినివేయును.

వానలు పడి కుంటలో నీరు చేరిన పిమ్మట, చల్లని ప్రొద్దున గాని సాయంత్రము గాని పిల్లలను వదలవలెను. తెచ్చిన సంచులను విప్పకుండ పదిహేను, ఇరువది నిమిషములు నీటిపై తేలనీయవలెను. సంచిలోని నీటికిని కుంట నీటికిని వేడి సమానమైన పిదప మూతి విప్పి, కుంట నీటిని కొంచెము కొంచెముగా లోనికి పోనిచ్చి, పిల్లలు తమంతట తాము ఈదిపోవునట్లు చేయవలెను. తొందరపడి ఒక్కసారిగా కుమ్మరించినచో ఆ అదటుకే కొన్ని చచ్చును.

పెంపకకాలమున

ఏడాదికి ఎకరమునకు సుమారు నాలుగు టన్నుల పశువుల పేడను విడతలుగా వేయవచ్చును. ఎప్పుడు వేయవలెనో, ఎప్పుడు మానవలెనో తెలియుటకు యంత్రమక్కరలేదు. ఎండ వేళ మోచేయి వరకు చేతిని నీటిలో నిలువుగా ముంచి అరచేతిని చూడవలెను. మోచేయి మునుగు నాటికి అరచేయి మరుగైనచో మేత తగినంత యున్నది. మోచేయి దాటినను అరచేయి స్పష్టముగా కనిపించినచో ఎరువు చాలలేదు. మణికట్టు మునుగునంతలోనే అరచేయి కనబడకున్నచో ఎరువును వెంటనే ఆపవలెను. వాన బురదతో నీరు ఎఱ్ఱబడినప్పుడు ఈ పరీక్ష పనికిరాదు.

తవుడు, వేరుసెనగ పిండి సమముగా కలిపి, దినమునకొకసారి ఒకే వేళకు ఒకే చోట వేయుట అలవాటు చేయవలెను. వారమునకు రెండు మారులైనను తెల్లవారుజామున ఒకరు కట్టపై నడచి చూడవలెను. చేపలు పైకి వచ్చి గ్రుక్కలు వేయుచున్నచో మేతను, ఎరువును మాని, కొత్త నీరు విడువవలెను. లేదా పంపుతో కుంట నీటినే ఎగజిమ్మవలెను. ఆ గంటలో చేసిన సహాయము ఏడాది శ్రమను కాపాడును.

పట్టుబడి, అమ్మకము

ఎనిమిది, పది మాసములకు చేపలు అమ్మకమునకు వచ్చును. ఒక లెక్క చూతము. ఎకరము కుంటలో 2000 పిల్లలు వదలగా వానిలో నూటికి 60 బ్రతికెననుకొందము, అనగా 1200. ఒక్కొక్కటి ముప్పాతిక కిలో తూగినచో మొత్తము 900 కిలోలు. మురుగు వలన నూటికి 20 మాత్రమే బ్రతికినచో అదే కుంటలో దక్కునది 300 కిలోలు. పిల్లల ఖర్చు, పేడ ఖర్చు, కాపలా ఖర్చు మాత్రము రెండింటికిని ఒక్కటే. నీటిని కాపాడుటలో నున్న లాభమిది.

పెద్ద కన్నుల వలలు వాడి చిన్న చేపలను మరల పెరుగనీయవలెను. మందుగుండు ప్రేల్చి గాని విషము కలిపి గాని చేపలు పట్టుట 1897 నాటి భారత మత్స్య చట్టము ప్రకారము నేరము. విషముతో పట్టిన చేప తినువానికి అపాయము. ఆ నీరు త్రాగు పశువునకును అపాయము.

చిక్కడపల్లికి చేరువనే రాంనగర్ చేపల మార్కెట్ కలదు. తెల్లవారకమునుపే అచ్చట బేరములు సాగును. జూన్ 7 గాని 8 గాని వచ్చు మృగశిర కార్తె నాడు చేప తినుట మన ప్రాంతపు ఆచారము కనుక ఆనాడు అచ్చట కాలు మోపుటకు చోటు దొరకదు. వేసవి చివరి వరకు నీరు నిలుచు కుంటలవారు పట్టుబడిలో కొంత భాగమును ఆ కార్తెకు మిగుల్చుకొనుట తెలివైన పని. పట్టిన చేపను నీడన ఉంచి, మంచినీట కడిగి, ఎంత చేపకు అంత మంచుగడ్డ వేసి పంపవలెను. ఎండలో రెండు గంటలు ఉంచిన చేపకు ఎంత పెద్ద మార్కెట్టైనను మంచి ధర ఈయలేదు.

పంచాయతీ సభలో తీర్మానింపదగినవి

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు కలవు. వానిలో మూడవది చిన్ననీటి పారుదల, నీటి యాజమాన్యము. అయిదవది చేపల పెంపకము. ఈ రెండును ఒకే పట్టికలో దగ్గర దగ్గరగా నుండుట మనకు తగిన సూచనయే. కనుక ఈ క్రింది విషయములను సభలో చర్చింపవలెను.

ఒకటి: రెవిన్యూ లెక్కల ప్రకారము కుంట శిఖము ఎంతయో కొలిపించి, నిండు నీటిమట్టమునకు హద్దురాళ్ళు పాతించుట. హద్దు తెలియని కుంటను కాపాడుట ఎవరి తరమును కాదు.

రెండు: ఇకమీదట వేయు ఏ వీధి కాలువయు కుంటలో ముగియరాదని నిర్ణయించుట, ఇప్పటికే ముగియుచున్న వానిని మళ్ళించుటకు గడువు పెట్టుట.

మూడు: చేపలపై హక్కు ఎవరిదో జిల్లా మత్స్యశాఖ కార్యాలయమున ముందుగా తెలిసికొనుట. మత్స్యకారుల సహకార సంఘమున్న చోట వారితో కలిసి పని చేయవలెను. వల వేయు చేతికి నీటి గుణము తెలిసినంతగా మరెవరికిని తెలియదు.

నాలుగు: పిల్లల సంఖ్య, ఎరువు, మేత, పట్టుబడి, అమ్మిన ధర ఒక పుస్తకమున వ్రాసి, గ్రామసభలో చదివి వినిపించుట. లెక్క తెలిసిన చోట అనుమానములకు తావుండదు.

వీనిలో రెండవదే కష్టమైనది. కాలువను కుంటలోనికి విడుచుట చౌక, మళ్ళించుట ఖర్చు. ఓటర్ల వీధిలో నీరు నిలువరాదను తొందరయు ఉండును. ఆ సభలో చేయి ఎత్తునప్పుడు అశోక్ నగర్ వంతెన క్రింది నీటిని ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అదియు ఒకప్పుడు చెరువు మత్తడి నీరే. దానిని ఎవరును ఒక్క దినమున మురుగుగా మార్చలేదు. ఇచ్చట ఒక కాలువ, అచ్చట ఒక కాలువ కలియనిచ్చిరి, అంతే.

మన కుంటలో నీరు ఇంకను తేటగా నున్నది. తెల్లవారుజామున చేప ఎగిరి పడిన చప్పుడు కట్టపై వినబడుచున్నంత కాలము కుంట బ్రతికియున్నట్లే. ఆ చప్పుడును మన బిడ్డలకు అప్పగించుట పంచాయతీ సభ్యుల చేతిలోని పని.